పారాణి కాళ్ళ కొంగ

పెళ్ళైన కొత్తలో మా ఆయన నన్ను ఆఫ్రికా తీసుకెళ్తానన్నారు. గుడారంలో పడుకుని, పొద్దున్నే లేచి సింహాలను చూద్దామన్నారు. ఆ మాట పట్టుకుని నేను చాలా ఏళ్ళు సాధించాను. ముందు ఇల్లు అన్నారు, తర్వాత పిల్లల చదువులన్నారు. ఇంతలో ఆయన చూపు పక్కలనుంచి మూసుకుపోవడం మొదలైంది. మధ్యలో చిన్న కిటికీ అంత మిగిలింది. అదైనా ఎంతకాలం ఉంటుందో చెప్పలేమన్నాడు కళ్ళ డాక్టరు.

ఆ ఏడు వానలు వెనకబట్టి దారులు ఆరాక, డార్విన్ నగరంలోని మా ఇంటినుంచి కారులో కొన్ని గంటల దూరంలో ఉన్న సఫారీ క్యాంపుకి వెళ్ళాం. కారు నేనే నడిపాను. చెక్క అరుగుల మీద కాన్వాస్ గుడారాలు, దోమతెరలే గోడలు, ఎదురుగా కనుచూపు మేర చిత్తడి నేల.

"సింహాల్లేని సఫారీ ఏమిటండీ?" అన్నాను.

"మొసళ్ళున్నాయిగా, సర్దుకో," అన్నారు.

నిజానికి ఆయనకి కావాల్సింది మొసలి కాదు, జబిరు అనే పెద్ద కొంగ. ఇన్నేళ్ళు డార్విన్‌లో ఉండి కూడా దాన్ని ఫొటోల్లో తప్ప చూడలేదు. "ఈ కాస్త చూపు ఉండగా ఒక్కసారి చూడాలే," అన్నారు బుకింగ్ చేసిన రోజు. నవ్వుతూనే అన్నారు. నేనే వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ప్రయాణమంటే పులిహోర కలపకుండా గడప దాటడం నాకు చేతకాదు. దిగగానే క్యాంపు నడిపే ఆవిడ నా స్టీలు డబ్బా చూసింది. గుడారాల్లో తిండి ఉంటే ఎలకలూ, డింగోలనే అడవికుక్కలూ వస్తాయని చెప్పి, పట్టుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టేసింది. పులిహోరని ఫ్రిజ్‌లో పెట్టిన మనిషిని నేనింకా క్షమించలేదు. మెతుకులన్నీ రాళ్ళయ్యాయి. సాయంత్రం ఆవిడే బార్బెక్యూ పెనం మీద వేడిచేసి, పక్కన టమాటా సాస్ పోసి మరీ తెచ్చింది. నన్ను ఉడికించడానికి మా ఆయన ఆ సాస్ నంజుకుంటూ తిన్నారు. పొట్ట పట్టుకుని నవ్వాం. ఆ సాయంత్రం ఇంకొక్కసారి వస్తే ఎంత బాగుండు అనుకుంటాను.

మర్నాడు తెల్లవారుతుండగా గైడు మమ్మల్ని పడవలో తీసుకెళ్ళాడు. నీళ్ళమీద మంచు ఇంకా విడలేదు. ఒకచోట ఇంజన్ ఆపి, చెయ్యి చూపించి, "జబిరు" అన్నాడు మెల్లగా. నాకు వెంటనే కనిపించింది. ఆయన బైనాక్యులర్లు ఎత్తి వెతుకుతున్నారు. మసక వెలుగైతే ఆ కళ్ళకి అసలే కష్టం.

"ఎక్కడే?"

"ఆ ఎండుచెట్టు కింద. ఇంకాస్త ఎడమకి తిరగండి."

"ఎలా ఉంది?"

నోటికొచ్చింది చెప్పాను. "అచ్చం పెళ్ళికొడుకేనండీ. కాళ్ళకి పారాణి, తెల్ల పంచె. పంచె తడవకుండా పైకెత్తి పట్టుకుని మడుగు దాటుతోంది. ముక్కు మాత్రం మీ మేనత్తది."

ఆయన పకపకా నవ్వారు. కొంగ లేచి ఎడమవైపుకి ఎగిరిపోయింది.

"చూశాను," అన్నారు.

ఎక్కడ చూశారు! బైనాక్యులర్లు ఇంకా కుడివైపు రెల్లుగడ్డి మీదే ఉన్నాయి. నా సంతోషం కోసం అన్నారని తెలుస్తూనే ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఆ కిటికీ కూడా మూసుకుపోయింది. మా ఇంటికి ఎవరొచ్చినా ఆయన జబిరు కథ చెప్పాల్సిందే. కాళ్ళకి పారాణి, తెల్ల పంచె అంటూ మొదలుపెడతారు. మేనత్త ముక్కుతో సహా నా మాట ఒక్కటీ పొల్లుపోదు. వినేవాళ్ళు ఆయన చూశారనే అనుకుంటారు. నేను పక్కనే ఉండి ఊ కొడతాను.

మొన్న మా వీధిలో కొత్తగా దిగిన తెలుగు డాక్టరమ్మాయి భోజనానికి వచ్చింది. కథంతా విని, "అంకుల్, అప్పటికి మీ ఐసైట్ ఓకేనా?" అని అడిగేసింది.

"అబ్బే, మంచు తప్ప ఏమీ కనపడలేదమ్మా," అన్నారు ఆయన, ఏమాత్రం తడుముకోకుండా. "ఆంటీ చూసి చెప్పింది. నాకు ఇప్పటికీ కనిపిస్తోంది."

నేను వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. చేతులనిండా పసుపు, కళ్ళు తుడుచుకోవడానికి లేదు.