రెండు వెలుగుల పాలకూర

మున్నీ, నువ్వు పోయావని అందరూ అంటున్నారు. ఇవాళ నేను కూడా రాస్తున్నాను బిడ్డా.

చదివేవాళ్లకు చెప్పాలి కదా. మున్నీ నా ఒక్కగానొక్క కూతురు. డిగ్రీ చదువుతోంది. జ్వరమని నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోతే మళ్లీ లేవలేదు. ఆ కబురు బోధన్‌కు నాకంటే ముందే చేరింది. నేను వచ్చేసరికి వాకిలి నిండా చెప్పులు. నేను బీడీలు చుట్టేదాన్ని, రాత పెద్దగా రాదు. వచ్చినట్టు రాస్తున్నాను.

మా వెనక అర్రకు కిటికీ లేదు. అందులో మున్నీ అట్టపెట్టెలు పెట్టి, పెళ్లి పందిళ్లకు కట్టే ఎల్‌ఈడీ లైట్ల దండలు పైన ఒత్తుగా కట్టింది. ఒక పెట్టెలో అన్నీ ఎరుపు, ఒకదాంట్లో అన్నీ నీలం, ఇంకోదాంట్లో రెండూ కలిపి. కింద తట్టల్లో పాలకూర. ఏ రంగు వెలుగుకు ఆకు ఎట్లా పెరుగుతుందో చూడాలని దాని పిచ్చి.

పక్కింటి వదిన బీడీల చాట చంకలో పెట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడేది.

“ఏందే పిల్లా, పాలకూరకు పెండ్లి చేస్తున్నవా? పిలగాడు ఎవరు, గోంగూరనా?”

“నవ్వు అత్తా, నవ్వు. వండినంక గిన్నె పట్టుకొని వస్తవు గదా, గప్పుడు సూస్త.”

ఎర్ర వెలుగులో మొక్కలు సర్రున సాగాయి. నాకు అవే ముద్దొచ్చాయి. “గివే మంచిగున్నయి బిడ్డా, ఎంత ఎత్తు పెరిగినయో” అన్నాను. అది ఒక ఆకు తెంపి నా చేతిలో పెట్టింది.

“కండ్లతోని కాదవ్వా. తునికాకును సూసినట్టు వేళ్లతోని సూడు.”

బీడీకి ఆకు ఏరేటప్పుడు బొటనవేలితో రాసి చూస్తాం. పలచనిదైతే చుట్టేటప్పుడు చిరుగుతుంది. ఎర్ర పెట్టెలో ఆకు అట్లాగే పలచగా పాలిపోయి ఉంది, కాడ మాత్రం పొడుగు. నీలి పెట్టెలోది పొట్టి, కానీ మందం, ముదురు పచ్చన. రెండూ కలిసిన పెట్టెలో మొక్కా లేచింది, ఆకూ విప్పుకుంది. “ఒక్క రంగుతోని బతకదే అవ్వా, రెండూ గావాలె” అంది. ఆ రోజు దాని మొహం ఎట్లా వెలిగిపోయిందో నేను రాయలేను.

నేను చాట పక్కన పెట్టి వచ్చి కూర్చునేదాకా అది ముద్ద ముట్టేది కాదు. “ఈ పెట్టెల మొదటి కోత నువ్వే తినాలె. బీడీలు సుట్టి సుట్టి నీ ఒంట్ల నెత్తురు లేకుంటైంది” అనేది. “ముందు నువ్వే తిను” అని నేను. “నువ్వు తిన్నంకనే” అని అది. తీరా కోతకొచ్చే వేళకు జ్వరమొచ్చింది.

పోయినవాళ్ల దీపం పెట్టిన ఇంట్లో ఆ రంగు లైట్లేమిటి, తీసేయమన్నారు పెద్దలు. “ఉండనియ్యిండ్రి, గవి ఆరితే ఆకు చస్తది” అన్నాను. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

దినాల్లో పిట్టకు పెట్టే రోజు, రెండు వెలుగుల పెట్టెలోని ఆకు కోసి పప్పులో వేసి వండాను. చెరకు చేను గట్టు మీద విస్తరి పెట్టాం. కాకి వచ్చింది, వాలింది, ముట్టలేదు. పోయినవాళ్లకు కోరిక మిగిలితే పిట్ట ముట్టదంటారు మాలో. మున్నీ వాళ్ల బాపు చేతులు జోడించి, “నీ పుస్తకాలు ఎవ్వలకూ ఇయ్య బిడ్డా, రా” అని ఏడ్చాడు. కాకి దగ్గరికి రాలేదు. వదిన నా భుజం పట్టుకుంది. “నువ్వు తినాలెనని ఉండె గదా దానికి. ఒక్క ముద్ద తిను వదినా.”

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఆకు మెత్తగా, కమ్మగా ఉంది. అయినా కొంగులోకి ఉమ్మేశాను. ఎండ ఎక్కేదాకా చూసి, విస్తరి ఆవుకు పెట్టి వచ్చేశాం.

ఆ ఆకు కోసినకొద్దీ వస్తూనే ఉంది. వాడకట్టులో పంచుతాను. పిల్లలు బాగుందంటారు. నాకు మాత్రం ఇవాళ్టికీ దిగడం లేదు. కంచం ముందు కూర్చుంటాను, లేస్తాను. నా బిడ్డ అడిగింది ఒక్కటే, అదొక్కటీ నా వల్ల కావడం లేదు.

మీ ఇంట్లో ఇవాళ ఏ కూర వండినా సరే, కడుపు నిండా తినండి.