రాజవ్వ పాడుతుండగా నేను మూసిన మైకు

2023 డిసెంబరు సగం దాటింది. గుజరాతీలకు అప్పటినుంచి నెల రోజులు కమూర్తా, అంటే పెళ్లి ముహూర్తాలు లేని కాలం. సూరత్‌లో సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే మాలాంటి వాళ్లకు అదే తీరిక. భేస్తాన్‌లోని నా దుకాణంలో స్పీకర్లన్నీ గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. నేను కౌంటర్ దగ్గర కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకుంటున్నాను.

చదువు సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను పదో తరగతితో ఆగిపోయాను. మా నాన్న సిరిసిల్ల నుంచి ఇక్కడి మరమగ్గాల్లో పనికి వచ్చాడు. నేను ఆ చప్పుడు పడక మైకుల పనిలోకి దిగాను. గొంతులనూ వాద్యాలనూ కలిపే మిక్సర్ ఎలా పనిచేస్తుందో, గాలిలో శబ్దం ఎలా వంగుతుందో నాకు ఎవరూ నేర్పలేదు. ఊరి లైబ్రరీలో హిందీ, గుజరాతీ పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నాను. తర్వాత కథలూ చరిత్రా నాటకమూ, ఏది దొరికితే అది చదివాను. నా లైన్‌లో ఇంత చదివినవాడు ఇంకొకడు లేడని నాకు లోపల గట్టి నమ్మకం. ఆ నమ్మకం సంగతే ఇప్పుడు రాస్తున్నది.

ఆ రోజు దుకాణానికి ప్రవీణ్ వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి, హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు, ఖరీదైన పేట అడాజన్‌లో ఫ్లాటు.

"శ్రీనివాస్ గారూ, భేస్తాన్‌లో ఓపెన్ గ్రౌండ్‌లో నాటకం వేస్తున్నామండీ. మీరు బాగా చదువుతారని విన్నాను. మీకైతే విషయం అర్థమవుతుందని వచ్చాను."

ఆ ఒక్క మాటకే కరిగిపోయాను. సౌండ్ ఒక్కటే కాదు, స్టేజీ కట్టించడం, లైట్లు, ఏర్పాట్లన్నీ నెత్తిన వేసుకున్నాను.

నాటకం పేరు 'నకలు'. ఒక చేనేత కార్మికుడు చనిపోతాడు. అతను చేత్తో నేసిన చీర డిజైన్‌ను ఒక సేఠ్ మరమగ్గం మీద దించి, చేనేతేనని చెప్పి అమ్ముతాడు. చివరి రంగంలో ఆ కార్మికుడి భార్య ఆ నకలు చీర ముందు కూర్చుని భర్తను తలుచుకుని శోకం పెడుతుంది. చూసేవాడికి తేడా తెలియనప్పుడు నకలులో తప్పేముంది? ప్రవీణ్ నాటకం అడిగే ప్రశ్న అదే. హాల్లో కాకుండా కార్ఖానాల పక్క మైదానంలోనే ఆడాలని, వెనక మగ్గాల చప్పుడు నిజంగా వినిపించాలని అతని పట్టుదల.

ఆ భార్య వేషానికి రాజవ్వను తెచ్చింది నేనే. మా వాడకట్టులో కండెలు చుట్టే పని చేస్తుంది. బతుకమ్మ నాడు ఆమె గొంతు ఎత్తితే మిగతా ఆడవాళ్లంతా చప్పట్లకు సిద్ధమవుతారు. మొదటి రిహార్సల్ నా గోడౌన్‌లో జరిగింది. ప్రవీణ్ రాసిన పాట చదివి వినిపిస్తే ఆమె తల పంకించింది.

"పాట మంచిగనే ఉన్నది గని సార్, గీ రామస్వామి ఎవలు?"

"నాటకంలో మీ ఆయనండీ."

"నా మొగడా? నాకు జెప్పకుంటనే పెండ్లి జేసిన్రా!"

అందరం నవ్వాం. ఆమె మాత్రం నవ్వు ఆపి, ప్రవీణ్ దగ్గరికి జరిగి కూర్చుంది.

"ఒక మాట అడుగుత, కాదనొద్దు. ఆట నాడు రామస్వామి జాగల మా ఆయన పేరు వెట్టుకుంట."

"తప్పకుండా అమ్మా. ఇప్పుడే ఒకసారి అనండి, రాగంలో కుదురుతుందో లేదో చూద్దాం."

"ఇప్పుడా?" రాజవ్వ వెనక్కి జరిగింది. "పోయినోని పేరు ప్రాక్టీసుకు అంటరా సార్? పెండ్లయిన కాడికెంచి ఆయన పేరు నా నోటితోని అనలే. ఆ నాడు ఒక్కపారి అంట, అందరి ముందట. అప్పటిదాంక గీ రామస్వామితోనే నడిపిస్త. గాయన ఎవలో, ఎన్నిసార్లన్న అంట."

మా పెద్ద తరం ఆడవాళ్లు భర్త పేరు పలకరు. ఎవరైనా అడిగితే పక్కవాళ్లను చెప్పమంటారు. అందుకే ఆ కోరిక నాకు వింతగా తోచింది. ఆమెను ఇంటి దగ్గర దింపుతూ అడిగాను.

"ఎందుకవ్వా, ఇప్పుడు పేరు?"

ఆమె భర్త నర్సయ్య కొన్నేళ్ల కిందట కార్ఖానాలోనే, మగ్గం పక్కనే కూలిపోయాడు. నేనూ శవం వెంట నడిచాను.

"ఆయనను రూముకు తెచ్చినప్పుడు నీకు యాదికున్నదా బిడ్డా? 'పరాయి దేశం, కిరాయి ఇల్లు, కిందోళ్లు ఏమన్న అంటరు, గట్టిగ ఏడ్వకు' అన్నరు మనోళ్లే. కొంగు నోట్ల కుక్కుకున్న. మన దిక్కయితే పేరు వెట్టి, ఆయన చేసిన కష్టం జెప్పి, రాగం దీసి ఏడుద్దుము గద. నా శోకం బయటికే రాలే. నాటకమంటె ఎవలు వద్దంటరు? కుర్చీలేసుకొని ఇంటరు."

అంటే ఆమెకు కావలసింది వేషం కాదు. నర్సయ్య పేరు నలుగురి చెవిన పడాలి. అది నాకు స్పష్టంగా తెలుసు. తెలిసీ ఆ తర్వాతి పని చేశాను.

మా పనిలో సేఫ్టీ ట్రాక్ అని ఒకటి ఉంటుంది. బయట కార్యక్రమాల్లో గాలి, వాన, కరెంటు, ఏదైనా దెబ్బ తీయవచ్చు. అందుకని పాటను ముందే రికార్డు చేసి పక్కన పెట్టుకుంటాం. మైకు మొరాయిస్తే రికార్డు వదులుతాం, పాడేవాళ్లు పెదవులు ఆడిస్తారు. గర్బాలో, స్కూలు ఫంక్షన్లలో ఇది రోజూ ఉండే పనే, ఎవరూ తప్పనుకోరు. రాజవ్వ పాటనూ రిహార్సల్‌లో అలాగే రికార్డు చేసుకున్నాను. "గిదేంది బిడ్డా, ఎర్ర లైటు వెలుగుతున్నది?" అని అడిగితే, "ఊకెనే అవ్వా, మైకు చూస్తున్న" అన్నాను. చెబితే సిగ్గుపడి పాడదేమోనని నాకు నేను చెప్పుకున్నాను. రికార్డులో ఉన్నది రామస్వామి పేరే.

నాటకం నాడు పొద్దు వాలుతుండగా జనం వచ్చారు. ముందు జంపఖానాల మీద మా వాడకట్టు ఆడవాళ్లు, వెనక కుర్చీల్లో అడాజన్, ఆల్థాన్ నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు, వాళ్ల గుజరాతీ స్నేహితులు. మొదలుపెట్టే ముందు నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నాడు ప్రవీణ్. రెండు ముక్కలతో ఆగే అవకాశమా అది! వేల ఏళ్ల కిందట గ్రీకులు కొండవాలున రాతి మెట్లు కట్టి, మైకు లేకుండా నాటకం ఎలా వినిపించారో చెప్పాను. కళకూ నకలుకూ ఉన్న దూరం గురించి చదివిందంతా చెప్పాను. చివర్లో గొంతు పెంచి, "ఈ సాయంత్రం ఇక్కడ రికార్డు లేదు. మీరు వినబోయేదంతా బతికున్న గొంతులే" అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ముందు వరుసలో ఎవరో, "మన శీనన్న ప్రొఫెసర్ లెక్క మాట్లాడె!" అన్నారు. ఆ మాట చెవిలో మోగుతుండగానే మిక్సర్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. లాప్‌టాప్‌లో ట్రాక్ సిద్ధంగా ఉంది. నేను చెప్పిన మాటకూ దానికీ పొత్తు లేదని ఆ క్షణాన తోచనైనా లేదు. అది పనిముట్టు, ఇది ఉపన్యాసం.

చివరి రంగం వచ్చేసరికి గాలి లేచింది. రాజవ్వ చీరకు పెట్టిన కాలర్ మైకులో బర్రుమని గాలి. కాలర్ మైకు అంటే బట్టకు గుచ్చే చిన్న మైకు, గొంతు ఎంత పట్టుకుంటుందో చుట్టుపక్కల చప్పుడూ అంతే పట్టుకుంటుంది. వెనక కార్ఖానాల్లో మగ్గాలు దడదడలాడుతున్నాయి. ఆమె కూర్చుంది, కొంగు తల మీదికి లాక్కుంది, మెల్లగా ఎత్తుకుంది.

"తెగిన పోగు అతికేటోడా, నడుమ మగ్గం ఇడిసి పోతివా..."

రిహార్సల్ గొంతు కాదది. లోపలికి, తనకోసం తాను పాడుకుంటున్నట్టు, వణుకుతూ ఉంది. స్పీకర్‌లో సగం గాలే వస్తోంది. మైకు పెంచితే ఫీడ్‌బ్యాక్, అంటే స్పీకర్ శబ్దం తిరిగి మైకులో పడి వచ్చే కీచుమనే కూత. వెనక కుర్చీల్లోంచి ఒకాయన అరిచాడు.

"ఆవాజ్ నహీ ఆ రహీ, భాయ్!"

ఇంకొకడు, "సౌండ్‌వాలా సో గయా క్యా?" అన్నాడు, నేను నిద్రపోయానా అని.

నా చెయ్యి నేను చెప్పకుండానే కదిలింది. రాజవ్వ మైకు ఫేడర్, అంటే శబ్దం పెంచే తగ్గించే మీట, కిందికి జారింది. ట్రాక్ ఫేడర్ పైకి వెళ్లింది. ఆమె పాడుతున్న చరణం దగ్గరికే జరిపి ఎంత నున్నగా కలిపానంటే ఎవరికీ అతుకు తెలియలేదు. స్పష్టమైన గొంతు మైదానమంతా పరుచుకుంది. కుర్చీలు సద్దుమణిగాయి, ఫోన్లు పైకి లేచాయి. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

అప్పుడు స్పీకర్లలోంచి వచ్చింది, "ఓ రామస్వామీ..." అని.

స్టేజీ మీద రాజవ్వ పెదవులు వేరే పేరు మీద ఉన్నాయి. నేను దూరం నుంచే చూశాను. ఇన్నేళ్లూ పలకని పేరు, మూసిన మైకులోకి పలికింది. కాళ్ల దగ్గరున్న మానిటర్, అంటే పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే చిన్న స్పీకర్, ఆమెకు రామస్వామి పేరు తిరిగి చెప్పింది. ఆమె నోరు మూసింది. స్పీకర్ పాడుతూనే ఉంది. ఆమె వంగి మానిటర్ వైపు చూసి, ముందు వరుసను అడిగింది.

"నేను ఊకున్న గద. గిదెవలు పాడుతున్నరు?"

కుర్చీల్లో పెద్దగా నవ్వులు. ఒక ఈల. "అరే, రికార్డింగ్ హై!" నేను ట్రాక్ ఆపి ఆమె మైకు తెరిచాను. ఇప్పుడు అందులో ఆమె ఊపిరి, మగ్గాలు, అంతే.

పక్కనుంచి ప్రవీణ్, "అమ్మా, మళ్లీ మొదటినుంచి..." అన్నాడు.

"మల్లనా? అనేది అన్న సార్. మీరే ఇనలే."

ఈ మాట మాత్రం మైదానమంతా వినబడింది. ఆమె లేచింది. మైకు తీయడం ఆమెకు రాదు, నడుముకు కట్టిన మైకు డబ్బాతోనే మెట్లు దిగింది. చెప్పులు వేసుకున్న చప్పుడూ, కొంగు రాపిడీ స్పీకర్లలో వచ్చాయి. ఆమె జంపఖానా దగ్గర ఆగి ఒకామెను అడగడమూ వచ్చింది.

"లచ్చవ్వా, ఆయన పేరు ఇనవడ్డదా నీకు?"

"లేదక్కా. డబ్బ మొత్తుకునె గద, ఏం ఇనరాలే."

మైకు ఆపాలన్న ఆలోచనే నాకు రాలేదు. చేతులు మిక్సర్ మీద పెట్టుకుని అలాగే కూర్చున్నాను. మా వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి ఆమె వెంట వెళ్లారు. పోతూ ఒక్కరూ నన్ను తిట్టలేదు. తిడితే తల ఎత్తేవాణ్నేమో.

సామాను సర్దుతుంటే ప్రవీణ్ వచ్చి భుజం తట్టాడు. "మీరేం బాధపడకండి. ట్రాక్ చాలా బాగుందండీ. ఆవిడ ఆగకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు."

నాకు కోపం రావాలి, రాలేదు. ఫేడర్ జరిపినప్పుడు నేను అనుకున్నదీ సరిగ్గా అదే.

మర్నాడు పొద్దున రాజవ్వ రూముకు వెళ్లాను. గడపలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"తప్పయింది అవ్వా."

"గన్ని పుస్తకాలు సదువుతవు. మనిషి ఏడుస్తుంటె నోరు మూయొద్దని ఏ పుస్తకంల లేదా?"

"గాలికి నీ గొంతు అందలేదు. వెనకోళ్లు ఒర్రుతున్నరని..."

"అందకపోతె అందకపాయె. నేను వెనకోళ్లకు చెప్తున్ననా? ఆనాడు కొంగు అడ్డమాయె, నిన్న నువ్వడ్డమైతివి." ఒక కాయ విరిచి గిన్నెలో వేసింది. "గా మిషిన్ల నా గొంతు ఇంక ఉన్నదా?"

"ఉంది."

"తీసెయ్. నా ముందట తీసెయ్."

లాప్‌టాప్ తెచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుని తీసేశాను. ఆమెకు తెరమీది అక్షరాలు రావు. నా మొహంలోకే చూస్తూ, "నిజంగ పోయిందా?" అని రెండుసార్లు అడిగింది. పోయిందని రెండుసార్లు చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. నమ్మకపోయినా అనడానికి నాకు నోరు లేదు.

లేవబోతూ అడిగాను. "మరి ఆ పాట మల్ల పాడవా అవ్వా?"

"ఐతారం పాడుత. ఈడనే, గీ గడపల. మావోళ్లకు జెప్పిన. కిందోళ్లకు గూడ జెప్పిన, పాపం సరే అన్నరు." ఆగి, కాయల మీదినుంచి చూపు తీయకుండానే అంది. "నువ్వు రాకు బిడ్డా. నువ్వొస్తె నాకు మిషినే యాదికొస్తది."

ఆ తర్వాత పని మానలేదు. గర్బాల్లో ట్రాకులు వేస్తూనే ఉన్నాను. అయితే ఎవరి గొంతు పట్టుకున్నా ముందే చెబుతున్నాను, వద్దంటే వాళ్ల ఎదుటే తీసేస్తున్నాను. ఇన్నేళ్లూ నా పని వినేవాళ్లు అరవకుండా చూడటం అనుకున్నాను. పాడేవాళ్లు ఎవరికోసం పాడుతున్నారో తెలుసుకోవడం అందులో మొదటి భాగమని ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. కనబడినా పేజీ తిప్పేసి ఉంటాను.

ఆ ఆదివారం నేను వెళ్లలేదు. రాజవ్వ నర్సయ్య పేరు పెట్టి పాడిందని, వాడకట్టంతా ఏడ్చిందని నా భార్య వచ్చి చెప్పింది. ఎలా పాడిందని అడగబోయి మానుకున్నాను.