పొగలో దాచిన చోడి వెన్నులు

మా అత్త పోయిందన్న కబురు నాకు పాడేరులో తెలిసింది. ఆఫీసుకి బయల్దేరి గదికి తాళం వేస్తుంటే మా ఆయన ఫోను. “అమ్మ పోయింది. ఎండలో కూచుని రాజ్మా కాయలు ఒలుస్తా ఉంది. అలాగే గోడకి ఒరిగిపోయింది. నువ్వు కంగారు పడకుండా రా,” అన్నాడు. డుంబ్రిగుడ దాకా జీపులో కూచున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు. మా ఊరి మలుపు దగ్గర దిగేసరికి ముంచుకొచ్చింది. పని చేసుకుంటూ పోయింది, ఎండ తగులుతుండగా పోయింది. కోరుకున్నా ఇంతకన్నా మంచి చావు దొరకదని ఇప్పుడు అనుకోగలుగుతున్నాను. ఆ రోజు అనుకోలేకపోయాను.

ఆవిడ గురించి నలుగురికీ చెప్పాలంటే చలికాలం గురించే చెప్పాలి. డిసెంబరులో పొగమంచు చూడ్డానికి వచ్చే టూరిస్టులకి మా చలి సంగతి సగమే తెలుసు. వాళ్ళు ఫొటోలు దిగి వెళ్ళిపోతారు, తెల్లారి లేచి అంట్లు తోమేది మేము. అత్త మాత్రం చలిని ఎప్పుడూ తిట్టేది కాదు. ఎండ ఎక్కడుంటే పనిని అక్కడికి జరిపేది. పొద్దున్న వాకిట్లో చేట, కాస్త ఎండెక్కాక పశువుల పాక పక్కన, మధ్యాహ్నం కాఫీ గింజలు ఆరబోసిన పరదా దగ్గర. “సలి పని సలిది, మన పని మనది,” అనేది. నేను రెండు స్వెట్టర్లు తొడుక్కుని ఆవిడ వెనకాలే ఎండ వెతుక్కుంటూ తిరిగేదాన్ని.

నేనూ ఈ కొండల్లో పుట్టినదాన్నే. కానీ ఆరో ఏట ఆశ్రమ పాఠశాలలో వేశారు, డిగ్రీ దాకా హాస్టళ్ళలోనే పెరిగాను. కంచం కడుక్కోవడం, దుప్పటి మడత పెట్టుకోవడం తప్ప ఇంటి పని ఒక్కటీ రాదు. చివరికి మా భాష కూడా సగం మర్చిపోయాను. అందుకే అత్త నాతో తెలుగులో మాట్లాడేది. ఉద్యోగం పాడేరులో, కాపురం ఊళ్ళో. సెలవు రోజుల్లోనే నేను కోడలిని.

పెళ్ళయిన మొదటి చలికాలం, ఓ రెండో శనివారం, ఆఫీసులో నా స్నేహితురాళ్ళు ఇద్దరు మా ఇల్లు చూస్తామన్నారు. ఇద్దరూ మైదానం వాళ్ళు. ఆ పొద్దున్న అత్తా, మా ఆయనా కాఫీ పళ్ళు కోయడానికి కొండెక్కారు. ఇల్లు నా చేతికొచ్చింది. వచ్చీరాని చేత్తో అలికాను, బూజు దులిపాను. తలెత్తి చూస్తే పొయ్యికి సరిగ్గా పైన వాసానికి ఒక కట్ట వేలాడుతోంది, మసిపట్టి నల్లగా. వాళ్ళు వచ్చేవేళకి ఇదా కనబడాల్సింది అని నాకు తల కొట్టేసినట్టయింది. దింపేశాను. నలిపి చూస్తే లోపల చోళ్ళు, మైదానంలో రాగులంటారే అవి, ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఎవరో మర్చిపోయిన పాత వెన్నులు కాబోలు, పారేయడం దేనికని చెరిగి, వేయించి, తిరగల్లో వేసి పిండి చేశాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎంత పనిమంతురాలినో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మధ్యాహ్నం స్నేహితురాళ్ళు వాకిట్లో ఎండకి కూచుని వేడి జావ తాగుతుండగా అత్త వచ్చి కాఫీ పళ్ళ బుట్ట దించింది. చేతులు కడుక్కుని లోపలికెళ్ళి, కాసేపు బయటికి రాలేదు. తర్వాత వచ్చి నా పక్కన కూచుంది. తనకీ ఓ గిన్నెడు పోశాను. మెల్లగా, చివరి చుక్కదాకా తాగింది.

“ఈ పొగ రుచి మా వైపు దొరకదు పెద్దమ్మా,” అంది ఒక స్నేహితురాలు.

“మా వైపూ దొరకదమ్మా,” అంది అత్త. “ఇంకొంచెం పోసుకోండి.”

వాళ్ళు జీపెక్కి వెళ్ళాక, మా ఆయన పొయ్యి ముందు చలి కాచుకుంటూ పైకి చూశాడు. కట్ట ఏదని అడిగితే చెప్పాను. “అది విత్తనం,” అన్నాడు.

పురుగు పట్టకుండా విత్తనం వెన్నుల్ని పొగలో వేలాడదీస్తారు. హాస్టల్లో పెరిగిన నాకు తప్ప ఈ కొండల్లో ఆ సంగతి తెలియని ఆడది ఉండదు. పైగా అది మామూలు రకం కాదు. అత్త పెళ్ళయి వచ్చేటప్పుడు కన్నతల్లి ఇచ్చిన రకం. ఆలస్యంగా పండుతుంది, గాలివానకి పడిపోదు, అంగట్లో దొరకదు. ఏటా కొంచెమే వేసి, మంచి వెన్నులు ఏరి కట్టుకుంటూ వచ్చింది. ఆ ఏటి మిగతా పంట అప్పటికే మామూలు చోళ్ళలో కలిసిపోయింది. ఉన్న ఒక్క కట్టనీ నేను జావ కాచేశాను. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండుననిపించింది. “రేపు నాతో రా. మూడిళ్ళున్నాయి,” అంది, అంతే.

ఆదివారం మంచు విడవకముందే బయల్దేరాం. “విత్తనం ఒక్కింట్లో ఉంటే అది తిండిగింజే గుంటా. నాలుగిళ్ళలో ఉంటేనే విత్తనం,” అంది దారిలో. చిన్నపిల్లని పిలిచినట్టు నన్ను గుంటా అనేది. అడిగినవాళ్ళకి ఎప్పుడెప్పుడో దోసెళ్ళతో ఇచ్చి ఉంచింది, వాళ్ళ దగ్గరికే మేం వెళ్తున్నది. మొదటి ఇంటివాళ్ళు చోళ్ళు మానేసి కాఫీ వేశారు. రెండో ఇంట్లో సంచుల్లో వచ్చే కొత్త విత్తనం వాడుతున్నారు. రెండు చోట్లా అత్త ఒకటే చెప్పింది, “మావి ఎలకలు తినీసాయి” అని. అలవాటు లేని అబద్ధం, నేల చూపులు చూస్తూ చెప్పింది. నేను వెనక నిలబడి స్వెట్టరు గుండీలు పెట్టుకుంటూ తీసుకుంటూ ఉన్నాను.

మూడో ఇల్లు అత్తకి వదినె వరసయ్యే ముసలామెది. ఆమె పొయ్యి మీద కట్ట ఉంది, చిన్నదే. ఎలకల మాట అనగానే ముసలామె నవ్వింది. “పొగలోకొచ్చే ఎలకేటి వదినా? నా బతుకులో సూడలేదు.”

అత్త చూపు మళ్ళీ నేలకి దిగింది. నా కోసం ఆవిడ అలా తలదించుకుని నిలబడితే నేను చూడలేకపోయాను. “ఎలకలు కాదు, నేనే. తెలీక దింపి జావ కాచేశాను,” అన్నాను.

ముసలామె నన్ను కిందనించి పైదాకా చూసింది. “ఇలాంటి కోడల్ని ఎక్కడ దొరికించుకున్నావు వదినా?”

“ఎలకయితే తినీసి పారిపోద్ది,” అంది అత్త. “ఇది నిలబడి సెప్పింది కదా.”

ముసలామె కట్ట దింపి సగం విడదీసి ఇచ్చింది. ఆ తర్వాతి ఏళ్ళలో ఉద్యోగంలో నన్ను మెచ్చుకుంటూ కాగితాలు కూడా ఇచ్చారు, అవి ఎక్కడున్నాయో వెతకాలి. అత్త అన్న ఆ మాట మాత్రం నాకు వెతక్కుండానే దొరుకుతుంది. అలకడం, కాఫీ గింజలు తిరగదోయడం, బూడిదలో నిప్పు దాచడం అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఏ పనిలోనైనా గొప్పలకి పోతే “ఏటే ఎలకా” అనేది, ఇద్దరమే ఉన్నప్పుడు.

ఆ ఆదివారం ఇంటికొచ్చాక వెన్నులు ఆవిడ చేతికివ్వబోయాను. తీసుకోలేదు. “దింపిన సెయ్యే కట్టాలి,” అంది. పీట మీద పీట వేసి ఎక్కాను. పీటలు ఊగుతుంటే రెండు చేతులతో పట్టుకుంది. నాకు ముడి సరిగా రాదు. ఒకసారి జారింది, విప్పి మళ్ళీ వేశాను. ఎన్నేళ్ళ మసో, నేను కదిలినప్పుడల్లా వాసం మీంచి రాలి ఆవిడ నెత్తిన, ముఖాన పడుతోంది. కళ్ళు మూసుకుంది గానీ పీటలు వదల్లేదు.