బాప్తిస్మం జాబితాలో టీచరు పేరు

నందిగామలో నేను అద్దెకుండే ఇంటి ఓనరుగారి భార్య చలి మొదలయ్యే ముందు బీరువాలోని రగ్గులన్నీ తీసి డాబా మీద ఆరేస్తుంది. మొన్న శనివారం పైకి వెళ్ళేసరికి కలరా ఉండల వాసన ముక్కుకు కొట్టింది. ఆ వాసనకు ఎవరికైనా అమ్మమ్మ పట్టుచీరలు గుర్తుకు రావాలి. నాకు బాప్తిస్మం గుర్తుకొస్తుంది. జగ్గయ్యపేటలో మా చర్చివాళ్ళు బాప్తిస్మం తీసుకునేవాళ్ళకు వేసే తెల్ల అంగీలను ఏడాది పొడుగునా ఒక రేకు పెట్టెలో ఈ ఉండలు వేసి దాచేవారు. కొత్తగా పుట్టబోయే మనిషి దగ్గర పాత పెట్టె వాసన రావడమేమిటని ఒకసారి అడిగాను. ఆ పెట్టె తాళంచెవి కొంగుకు కట్టుకుని తిరిగే సుగుణమ్మ టీచరు, "పురుగు పట్టకుండారా. అంగీలకి ఉండలు సరిపోతాయి. నీకు సరిపోవు" అన్నారు.

ఆవిడను చూడనివాళ్ళకు ఎలా చెప్పాలి? పొట్టి మనిషి. ఎండున్నా వానున్నా చేతిలో నల్ల గొడుగు, చక్కెర లేని టీ, గడియారం ముఖం మణికట్టు లోపలివైపుకు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. శనివారం మధ్యాహ్నాలు మాత్రం ముప్పై ఏళ్ళుగా చర్చిలో బాప్తిస్మం క్లాసు ఆవిడదే. అక్కడ చెప్పే పాఠం ఒక్కటే: మనిషి తిరిగి జన్మించాలి. ముసలివాడు మళ్ళీ ఎలా పుడతాడని యేసును ఒక పెద్దమనిషి అడిగిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టి, నీళ్ళు, ఆత్మ, పాత మనిషి, కొత్త మనిషి అంటూ బోర్డు మీద బాణం గుర్తులతో వివరించేవారు. చివర్లో "అర్థమైందా?" అనేవారు. అర్థం కాలేదని చెప్పే ధైర్యం లెక్కల క్లాసులోనే లేనివాళ్ళం, అక్కడ ఎక్కణ్ణుంచి వస్తుంది?

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. బాప్తిస్మం లేనివాడికి ప్రభువు బల్లలో, అంటే చర్చిలో పంచే రొట్టె, ద్రాక్షరసంలో, భాగం ఉండదు. నెలకో ఆదివారం రొట్టె పళ్ళెం నా ముందుకు వస్తే పక్కవాళ్ళకు అందించడమే నా పని. అలా అందించిన ప్రతిసారీ అమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి నన్నొక చూపు చూసేది. "ఆకలి లేదమ్మా" అని ఒకసారి జోకు వేస్తే రెండు రోజులు మాట్లాడలేదు. అందుకని ఆ ఏడు క్లాసులో చేరాను. పరలోకం సంగతి తర్వాత, ముందు ఇంట్లో శాంతి కావాలి.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మం అడిగినవాళ్ళు రెండు పేజీల సాక్ష్యం రాసి, టీచరుతో దిద్దించుకుని, ఏటి ఒడ్డున అందరి ముందూ చదవాలి. నేనెంత పాపిని, దేవుడు నన్నెక్కడ కలిశాడు, ఎలా కొత్త మనిషినయ్యాను అన్నది అందులో ఉండాలి. నాకు చెప్పుకోదగ్గ పాపాలు లేవు. ఉన్నవి చదివితే జనం ఆవులిస్తారు. కాబట్టి సిగరెట్లు, పేకాట, హైవే మీద లారీ కింద పడబోతుంటే ఆకాశం నుంచి వినిపించిన ఒక స్వరం, ఇవన్నీ కలిపి బ్రహ్మాండంగా రాశాను. టీచరు ఎర్రపెన్ను తీశారు.

"ఏ స్వరంరా అది? లారీ హారనా?"

క్లాసంతా నవ్వింది.

"ఇక్కడిదాకా పాపివి, ఈ లైను కాణ్ణుంచి కొత్త మనిషివి. జవాబు వేశావు గానీ లెక్క చెయ్యలా. మధ్యలో ఏం జరిగింది? స్టెప్పులేవి?"

నా నోరు ఊరుకోదు. "స్టెప్పులు నాకు రావు టీచర్. మీయి చెప్పండి, చూసి రాసుకుంటా. ఇంతకీ మీరెప్పుడు పుట్టారు తిరిగి?"

మళ్ళీ నవ్వారు. టీచరు నవ్వలేదు, తిట్టలేదు. పెన్నుకు మూత పెట్టారు. బోర్డు మీది బాణాల వైపు చూసి, "వచ్చే వారం చెప్తా" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. వచ్చే వారం క్లాసు లేదు. ఆ పై వారమూ లేదు. ముప్పై ఏళ్ళలో ఎన్నడూ ఆగని క్లాసు ఆగిపోయింది.

"ఏం వాగావురా ఆవిడతో?" అని అమ్మ నన్ను ఆవిడ ఇంటికి తరిమింది. వెళ్తే, జ్వరం గిరం ఏమీ లేదు. స్టవ్ మీద టీ పెట్టారు. నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే మాట అందుకున్నారు.

"హాస్టల్లో ఉండగా ముంచారురా నన్ను. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. వార్డెనమ్మ క్లాసు మొత్తం పేర్లు రాసిచ్చింది, అందరం వరసగా దిగాం. హాజరుపట్టీలో నాది చివరి పేరు. నా వంతు వచ్చేసరికి నీళ్ళన్నీ బురదయిపోయినాయి. అది తప్ప నాకింకేం గుర్తులేదు."

"టీచర్, నేను జోకేశానండి."

"తెలుసు. నువ్వు జోకే వేశావు. నా దగ్గరే జవాబు లేదు. ఇన్నేళ్ళూ ఆ పాఠం చెప్పా, పరీక్ష పెడితే నూటికి నూరొస్తయి. నాకు జరిగిందా అని మాత్రం ఒక్కసారీ అడుక్కోలా."

"మీకే లేకపోతే మాలాంటోళ్ళ గతేంటి టీచర్?"

"అరవై ఏడొచ్చినయిరా. రేపు పైకి వెళ్తే, అమ్మా నీ పాఠం బాగుంది, ఇంతకీ నువ్వెవరు అంటే ఏం చెప్పను?" ఇలా అంటూ టీ వడగట్టారు. సగం గ్లాసు బయటే పోసుకున్నారు. నేను గుడ్డ వెతికి ఒలికిన టీ తుడిచాను.

ఆ ఆదివారం అయ్యగారు, మా వైపు పాస్టరును అలాగే పిలుస్తాం, బాప్తిస్మం తీసుకునేవాళ్ళ పేర్లు చదివారు. పది పేర్లు గడగడా చదివి పదకొండో దాని దగ్గర గొంతు సవరించుకున్నారు. "సుగుణమ్మ టీచరు గారు." తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. ఆరాధన అయ్యాక వరండాలో పంచాయితీ మొదలైంది.

"అమ్మా, చిన్నప్పుడు నాకు ఈ పాఠం చెప్పింది మీరే. మీ బాప్తిస్మమే చెల్లకపోతే నాది చెల్లుద్దా?" అన్నారు అయ్యగారు. ఆయన ముఖంలో నిజంగానే భయం ఉంది.

"నీకు పాఠం చెప్పింది నేను. పుట్టించింది నేను కాదుగా అయ్యగారూ."

"ఈ వయసులో ఇది బయటపెట్టుకోవడం అవసరమా అండి?" అన్నాడు సంఘపెద్ద ఒకాయన. "సర్లే, మీ ఇష్టం. కానీ తిరిగి పుట్టానో లేదో తనకే తెలియని మనిషి చేత పిల్లలకి క్లాసు చెప్పించలేం కదా."

 టీచరు కొంగు ముడి విప్పి అంగీల పెట్టె తాళంచెవి ఆయన చేతిలో పెట్టారు. ఆ మరుసటి శనివారం నుంచి ఎవరో కుర్రాడు క్లాసు చెప్పాడు. టీచరు వచ్చి చివరి బల్ల మీద నా పక్కన కూర్చుని నోట్సు రాసుకున్నారు. ఆ కుర్రాడు బోర్డు మీద బాణం తప్పుగా గీసినా దిద్దలేదు. ఆవిడ మారుమనస్సుకు అంతకు మించిన రుజువు నాకైతే అక్కర్లేదు.

వేసవికి మా ఊరి ఏరు పాలేట్లో నీళ్ళుండవు కాబట్టి వ్యాన్లు మాట్లాడుకుని నందిగామ దగ్గర మునేటికి వెళ్ళాం. అక్కడా మోకాలి లోతే ఉన్నాయి. పాత మనిషిని నీళ్ళలో ముంచి పాతిపెట్టాలంటే ముందు ఆ మనిషి అందులో చతికిలబడాలి. సాక్ష్యాలు మొదలయ్యాయి. ఒక్కొక్కరు చదువుతుంటే ఒడ్డు మీది జనం హల్లెలూయా అంటున్నారు. టీచరు చేతిలో కాగితం లేదు.

"ముప్పై ఏళ్ళు తెలిసినట్టే చెప్పా. నాకు తెలియదు. తెలియనివాళ్ళని కూడా దేవుడు తీసుకుంటాడని నేనే చెప్పేదాన్ని. అది నమ్మి వచ్చా."

ఎవరూ హల్లెలూయా అనలేదు. ఆవిడ నీళ్ళలో కూర్చున్నారు, అయ్యగారు ముంచారు. ఆకాశం తెరుచుకుంటుందేమోనని చూశాను. అవతలి ఒడ్డున రెండు గేదెలు మాత్రం తలెత్తి చూశాయి. టీచరు దగ్గుతూ లేచి, ముడి ఊడిన జుట్టు పిండుకుంటూ, "నీళ్ళు ఇంత వేడిగా ఉన్నయ్యేంది?" అన్నారు.

తర్వాత నా పేరు పిలిచారు. అంగీ వేసుకునే ఉన్నాను. చేతిలో రెండు పేజీలు, అందులో లారీ, స్వరం. నోరు తెరిచాను. "అయ్యగారూ, నాది ఇంకా రాయడం అవ్వలేదండి" అన్నాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఒడ్డు మీదికి నడిచి టీచరుకు తువ్వాలు అందించాను.

"ఎందుకాగావురా?"

"స్టెప్పుల్లేవు టీచర్."

"మంచిది. ఉత్తినే దిగమాక."

ఆ తర్వాత ఆవిడ మూడేళ్ళు బతికారు. ఆ మూడేళ్ళూ ఆవిడలో ఏం మారిందా అని పోలీసువాడిలా గమనించాను. అదే కోపం, అదే చక్కెర లేని టీ. ఒక్కటి మాత్రం కొత్తగా వచ్చింది. పాటలు పాడేటప్పుడు, ఎవరి పిల్లాడైనా ప్రార్థన తప్పుగా చెప్పినప్పుడు, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. అంతకుముందు ఆ కళ్ళలో నీళ్ళు చూసినవాళ్ళు లేరు. ఒకరోజు తెగించి అడిగాను.

"టీచర్, ఇంతకీ పుట్టారా?"

"నాకేం తెలుసురా? పుట్టిన పిల్లకి పుట్టానని తెలుసుద్దా? ఏడుసుద్ది, అంతే" అని నవ్వారు.

అది జవాబో, జవాబు తప్పించుకోవడమో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆవిడ పోయాక ఆ ప్రశ్న నా దగ్గర ఉండిపోయింది. ఏటా వేసవి ముందు అయ్యగారు పుస్తకం పట్టుకుని, "ఈసారి నీ పేరు రాయనా?" అని అడుగుతారు. ప్రపంచంలో అన్నిటికీ నా దగ్గర ఒక వెటకారం ఉంటుంది. దీనికి మాత్రం "ఇంకా లేదండి" అని ఒక్క మాటే వస్తుంది. అది నిజాయితీయా, మొండితనమా, భయమా అంటే, రోజుకో రకంగా అనిపిస్తుంది. నా బాధ పడలేక అమ్మ కూడా అడగడం మానేసింది.

ఈ ఏడు కూడా అయ్యగారు అడిగారు. "ఇంకా లేదండి" అందామని నోరు తెరిచాను. ఎందుకో తెలియదు, ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ పోలేదు, కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు కారిపోయాయి. కంట్లో దుమ్ము పడిందని చెప్పాను. అయ్యగారు నమ్మినట్టే తలూపారు. పుస్తకంలో ఒక గీత ఖాళీగా వదిలి, దాని కింద వేరేవాళ్ళ పేరు రాసుకున్నారు.