పండు ఈగలకు మా ఇంటి మర్యాద

పరిశోధనలు డబ్బు చాలక ఆగిపోతాయని, కరెంటు పోయి పాడవుతాయని మీరు వినే ఉంటారు. మా సుభద్రక్క పరిశోధన మాత్రం నా జాలిగుండె వల్ల మునిగింది. చెబుతాను, తిట్టుకోకుండా వినండి.

రాజమండ్రిలో నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో సుభద్రక్క మా ల్యాబులో పీహెచ్‌డీ చేస్తుండేది. ఆవిడ ప్రాణమంతా పండు ఈగల మీదే. అరటిపండు మగ్గితే ముసురుకుంటాయి చూడండి, ఆ చిన్న ఈగలే. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్ట్ కలిపి ఉడికించి సీసాల్లో పోస్తే అవి తిని, అందులోనే గుడ్లు పెడతాయి. కొన్ని సీసాల్లో ఈస్ట్ బాగా వేసి, కొన్నిట్లో పేరుకి చిటికెడు వేసి, తిండి తగ్గితే సంతానం ఎంత తగ్గుతుందో చూడడం అక్క పని.

చెల్లెలి నిశ్చితార్థానికి పాలకొల్లు వెళ్తూ సీసాలు నాకు అప్పగించింది. "ఏమీ చెయ్యకు. చూస్తూ ఉండు, చాలు."

చూస్తూ ఉండడమే నావల్ల కాలేదండి. చిటికెడు సీసాల్లో ఈగలు నీరసంగా గాజుకి అతుక్కుని నావైపే చూస్తున్నట్టనిపించింది. పక్క సీసాలవాళ్ళు పెళ్ళిభోజనం చేస్తుంటే వీళ్ళకి పస్తులా! మా ఇంట్లో గ్యాసుబండ తెచ్చినతను కూడా టిఫిన్ తినకుండా గుమ్మం దాటలేడు. ఈస్ట్‌ని నీళ్ళలో కలిపి సీసాసీసాకీ చెంచాతో వడ్డించేశాను. మర్నాడు మారు కూడా వడ్డించాను.

అక్క తిరిగొచ్చేసరికి ఆ సీసాల్లో పిల్లపురుగులు కిటకిటలాడుతున్నాయి. అక్కకి గైడుగా ఉన్న మా సారు కళ్ళజోడు సర్దుకుని మరీ చూశారు.

"సుభద్రా! తిండి తగ్గించినా ఇన్ని పిల్లలా? ఇది కొత్త సంగతమ్మా, పేపరు రాద్దాం!"

అక్క మొహం వెలిగిపోయింది.

"సార్... తిండి తగ్గలేదండి," అన్నాను. "నేను కొంచెం పెట్టానండి."

"ఎందుకు?"

"ఆకలేస్తోందేమోనని."

"ఈగలకా?"

"వాటికి నోరు తెరిచి అడగడం రాదు కదండీ."

సారు కుర్చీలో కూలబడ్డారు. అక్క నెలల కష్టం మళ్ళీ మొదటికొచ్చింది. అక్క ఏడ్చింది. నేను ఇంకా గట్టిగా ఏడిస్తే, పాపం తనే నన్ను ఓదార్చింది.

ఆదివారం అక్క ఊరెళ్తే, క్షమాపణ చెప్పడానికి నేనూ పాలకొల్లు వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను కంచం ముందు కూర్చోబెట్టి అక్క, నేను పిన్నిగారని పిలిచే వాళ్ళమ్మతో అంది, "అమ్మా, ఈవిడకి ఒట్టి చారన్నమే పెట్టు. ఇంకేమీ వెయ్యకు. తిండి తగ్గిస్తే ఏమవుతుందో దీని మీద చూస్తాను."

"అలాగేలే," అన్నారు పిన్నిగారు. అక్క మంచినీళ్ళకి లేచిందో లేదో, నా చారన్నం కింద రెండు గారెలు దూర్చేశారు. "మొహం పీక్కుపోయింది పిల్లకి! దానికి చెప్పకు."

గారె నములుతూనే గంభీరంగా ఒట్టేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఏ ఈగ కడుపు మాడినా కన్నెత్తి చూడను. అక్క మళ్ళీ ఊరెళ్తే సీసాలు పిన్నిగారికి మాత్రం అప్పగించనివ్వను.