ఎర్ర కారులోంచి నేను తీసేసిన సామాను

నా చేతికి చిక్కిన యంత్రం ఏదీ నన్ను ఓడించలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ముంబై దగ్గరి భివండీలో కామత్‌ఘర్ గల్లీల్లో ఎవరినైనా అడగండి. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. సాంచ మొరాయిస్తే బాగుచేసేవాడు జాబర్. ముప్ఫై ఏళ్లు నిండకముందే నేను పేరున్న జాబర్‌ని. షెడ్డు గడప దగ్గర నిలబడి చప్పుడు వింటే చాలు, ఏ పన్ను అరిగిందో, ఏ బోల్టు వదులైందో చెప్పేసేవాణ్ణి. డాక్టర్లు కూడా అంత తొందరగా చెప్పరు.

కానీ సాంచల మీద నాకు మనసు విరిగిపోయింది. స్కూటర్లు, జీపులు విప్పడం నేర్చుకున్నాను. సొంతంగా గ్యారేజ్ పెట్టాలి, అదొక్కటే పట్టుదల. దానికి జాగా కావాలి. జాగా మా బావ దగ్గర ఉంది.

బావ అంటే మా అక్క మొగుడు. వరాలా తలావ్ అనే చెరువు పక్కన ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఎనిమిది సాంచలు నడిచేవి. మా బాపు, అంటే మా నాన్న, ఇరవై ఏళ్లకు పైగా అక్కడే నేశాడు. తొంభైల మధ్యలో బట్టకు గిరాకీ పడిపోయి, బావ ఆ సాంచలను భంగార్ వాళ్లకు, అంటే పాత ఇనుము కొనేవాళ్లకు అమ్మేశాడు. షెడ్డు ఖాళీ అయింది. వెనకున్న చిన్న గదిలో మాత్రం బాపు ఉండిపోయాడు. అమ్మ పోయాక మా ఇంటికి రమ్మని ఎంత బతిమాలినా రాలేదు. పొద్దున్నే లేచి, తన సాంచ ఉండిన చోటే ఒక స్టూలు వేసుకుని కూర్చునేవాడు. బావేమో ఆ షెడ్డుని కాల్హేర్ గోదాముల వాళ్లకు కిరాయికివ్వాలని చూస్తున్నాడు. అదే జరిగితే నా గ్యారేజ్ కల పోతుంది, బాపు గదీ పోతుంది.

సరిగ్గా అప్పుడే ఎర్ర కారు వచ్చింది. ఎవరో దుబాయ్ నుంచి దిగుమతి చేయించుకుని కాల్హేర్‌లో ఒక గోదాము మూల తాడిపత్రి పట్టా కప్పి వదిలేసిన బండి. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టు ఉండే ఒళ్లు, స్విచ్ నొక్కితే పైకి లేచే లైట్లు. రేసు కారే, కాకపోతే ముసలిది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అనుకుని బావ కొనేశాడు. తీరా చూస్తే అది లాగదు. చిన్న వంతెన ఎక్కాలన్నా ఆటోలు హారన్ కొట్టుకుంటూ దాటిపోయేవి. ముంబై మెకానిక్కులు ఇద్దరు చూసి చేతులెత్తేశారు.

"ఏం బామ్మర్దీ, పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతవ్ గదా," అన్నాడు బావ. "దీన్ని కసారా ఘాట్ ఎక్కించు సూద్దాం. నడుమ ఆగకుండ ఎక్కిందనుకో, గీ షెడ్డు నీకే ఇస్త. ఎక్కకపోతే మళ్ల షెడ్డు ముచ్చట ఎత్తద్దు. గోదాం వాళ్లు తాళం తెచ్చుకుంటరు."

"తాళం కొని పైసలు దండుగ చేస్కోవద్దని చెప్పు వాళ్లకు," అన్నాను నేను.

కారుని షెడ్డులోకి తోసుకొచ్చాం. రెండు రోజులు ఏమీ విప్పలేదు, విన్నాను. ఇంజన్ గాలి పీలుస్తోంది కానీ వదల్లేకపోతోంది. కిందికి దూరి చూస్తే పొగ గొట్టం మధ్యలో ఒక ఇనుప డబ్బా ఎర్రగా కాలిపోతోంది. అదే కెటలిటిక్ కన్వర్టర్. దాని లోపల తేనెపట్టులాంటి గదులుంటాయి. పొగలోని విషం వాటిలో విరిగిపోయి బయటికి వస్తుంది. సీసం కలవని పెట్రోల్ పోస్తేనే అది బతుకుతుంది. మన దగ్గర అప్పటికి ఎక్కువ బంకుల్లో సీసం కలిసిన పెట్రోలే. ఎవరో అది పోసి పోసి, తేనెపట్టు మొత్తం పూడుకుపోయేలా చేశారు. ముక్కు మూసి పరిగెత్తమంటే ఎవడు పరిగెత్తుతాడు? డబ్బా కోసేసి, ఆ చోట తిన్నని గొట్టం వెల్డింగ్ చేయించాను. తాళం తిప్పగానే, అబ్బా, ఏం చప్పుడు! రేకులు దడదడలాడాయి.

అక్కడితో ఆగి ఉండొచ్చు. కానీ నేను జాబర్‌ని.

మా జాబర్లకొక అలవాటుండేది. సాంచకు ఫోర్కు అని ఒక చిన్న కమ్మి ఉంటుంది. పేక పోగు తెగిందంటే అది సాంచను టక్కున ఆపేస్తుంది. సాంచ ఆగితే మీటర్లు తగ్గుతాయి, మీటర్లు తగ్గితే సేఠ్ మొహం మాడుతుంది. అందుకని మేం ఆ ఫోర్కుని దారంతో కట్టిపడేసేవాళ్లం. పోగు తెగినా సాంచ నడుస్తూనే ఉంటుంది, బట్టలో సందులు పడితే పడతాయి. బాపు తన సాంచల మీద మాత్రం ఈ పని చేయనిచ్చేవాడు కాదు. మిగతా భివండీ అంతా చేసేది. పరుగుకు అడ్డం వచ్చేది పనికిరానిది, అదీ మా చదువు.

ఆ చదువుతోనే కారు బానెట్ ఎత్తాను. పొగ గొట్టంలోకి తాజా గాలి ఊదే ఒక పంపు ఉంది, బెల్టు మీద తిరుగుతూ ఇంజన్ బలం తింటోంది. పీకేశాను. కొంచెం పొగని మళ్లీ ఇంజన్‌లోకే పంపే గొట్టం ఉంది. దాన్నీ పీకేసి రంధ్రానికి బోల్టు బిగించాను. ట్యాంకులోంచి లేచే పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఉంది. దాన్నీ తీసేసి దాని గొట్టాన్ని అట్లాగే గాలికి వదిలేశాను. బస్తాడు సామాను తేలింది. అందులో ఒక్కటీ బండిని ముందుకు నెట్టేది కాదు!

బాపు స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు నోరు తెరిచాడు.

"గవన్నీ ఎందుకు పెట్టిండ్రురా, కారు చేసినోళ్లు?"

"వాళ్ల దేశం రూల్స్ బాపు. మనకేం పని వాటితోని?"

"పని లేకుంట ఎవడన్న గంత ఇనుము కరాబ్ చేస్తడా?"

"నువ్వు ఇంకా ఫోర్కు కాడనే ఉన్నవ్," అని నవ్వాను. బస్తా కాల్హేర్ భంగార్ గోదాముకి పంపేశాను.

ఆ ఆదివారం పొద్దున బావని పక్కన కూర్చోబెట్టుకుని కసారా ఘాట్ ఎక్కాను. మొదటి మలుపు దగ్గర బావ డాష్‌బోర్డు పట్టుకున్నాడు. రెండో మలుపు దగ్గర కళ్లు మూసుకున్నాడు. లారీలు మోకాళ్ల మీద పాకుతున్నట్టు ఎక్కుతుంటే, నేను మూడో గేరులో వాటిని దాటుకుంటూ పోయాను. పైన ఆపగానే బావ దిగి రోడ్డు మీదే గంతేశాడు. "నీయవ్వ, ఎక్కింది బామ్మర్దీ!" అని నన్ను గట్టిగా కావలించుకున్నాడు. సాయంత్రానికల్లా షెడ్డు తాళం చెవి నా జేబులో ఉంది.

ఆ తర్వాత నన్ను పట్టే పగ్గాలే లేవు. ఠాణే నుంచి, కల్యాణ్ నుంచి పాత విదేశీ బళ్లు పెట్టుకున్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు, డబ్బాలు తీసి తిన్నని గొట్టం వేయించుకోడానికి. పొద్దున ఏడింటికి పని మొదలు. గల్లీ ఇరుకు, చప్పుడుకి పక్కింటివాళ్లు కొట్లాటకొస్తారని షట్టర్ సగానికి దించి లోపలే ఇంజన్లు నడిపేవాణ్ణి, మధ్యాహ్నానికి ఆ పని ముగించి షట్టర్ ఎత్తేవాణ్ణి. కళ్లు మండేవి. బావ ఎర్ర కారు కూడా అక్కడే ఉండేది, పెట్రోల్ వాసన ఎప్పుడూ ఉండేది. పని జరుగుతున్న చోట వాసన రాకపోతే ఎట్లా అనుకునేవాణ్ణి.

బాపు కూడా మారాడు. పొద్దున్నే తలావ్ చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం భోజనానికే తిరిగొచ్చేవాడు. నాకెంత సంతోషమో! "మా బాపును సూడుండ్రి, గీ వయసుల వాకింగ్ జేస్తుండు," అని గిరాకీలకు చెప్పుకునేవాణ్ణి. దగ్గేవాడు, నిజమే. దూది ధూళిలో బతికినవాడు దగ్గక ఏం చేస్తాడు? మా గల్లీలో దగ్గనివాడెవడు?

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున తలావ్ గట్టు మీద చాయ్ అమ్మే ఒకామె నా గ్యారేజ్‌కి వచ్చింది. మాలాగే కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మనిషి, మొహం మీద కొట్టినట్టు మాట్లాడుతుంది.

"ఏందిరా తమ్మీ, మీ బాపును దవాఖానకు తీస్కపోవా?"

"వాకింగ్ చేస్తుండు గదా అక్కా, మంచిగనే ఉన్నడు."

"ఏం వాకింగ్? పది అడుగులు నడవడు. పొద్దుగాల్నే వచ్చి నా బండి పక్కన కూలవడ్తడు. దగ్గు తగ్గితే చాయ్ తాగుతడు. నువ్వు షట్టర్ ఎత్తినవా లేదా అని గీడికెల్లే సూస్తుంటడు. ఎత్తినంకనే ఇంటికొస్తడు."

చేతిలో పానా అక్కడే పడేసి ఉరికాను. బాపు గట్టు మీద తువ్వాల మూతికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. దగ్గు ఆగేదాకా వీపు నిమిరాను. ఎప్పుడు అంత సన్నబడ్డాడో, వెన్నుపూస ఒక్కొక్కటీ చేతికి తగిలింది.

"పొగ పడ్తలేదని ఎందుకు చెప్పలే బాపు?"

"చెప్తే ఏం జేద్దువు?"

"ఏదో ఒకటి జేస్తుంటి గదా!"

ఆయన తువ్వాల మడిచి భుజాన వేసుకున్నాడు. "షెడ్డు కోసం నువ్వెంత కొట్లాడినవో సూసిన. అడ్డమొచ్చినయన్నీ తీస్కుంట వచ్చినవ్. నేను సుత ఎందుకు అడ్డం రావాలె అనుకున్న."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, కొట్లాడేవాణ్ణి. నా పనితనం చూసి నేను సిగ్గుపడింది జీవితంలో ఆ ఒక్క పూటే.

అప్పటికప్పుడు కాల్హేర్ పోయి భంగార్ కుప్పలు తవ్వాను. పంపు దొరికింది, బొగ్గు డబ్బా దొరికింది. పెద్ద కన్వర్టర్ డబ్బాని మాత్రం అప్పటికే పగలగొట్టేశారు. దొరికినవి దొరికినట్టు ఎర్ర కారుకి బిగించాను. డబ్బాలు తీయమని వచ్చిన గిరాకీలను వాపసు పంపాను. షెడ్డు లోపల మళ్లీ ఇంజన్ తిప్పలేదు, ప్రతి బండినీ మైదానందాకా చేతులతో తోసుకుపోయి అక్కడే స్టార్ట్ చేసేవాణ్ణి. బావ నవ్వాడు, నవ్వనీ. గోడలకు సున్నం వేయించి, బాపు స్టూలు కడిగి దాని చోట దాన్ని పెట్టాను.

అయినా ఏడు కాగానే బాపు చెప్పులు వేసుకునేవాడు.

"ఇప్పుడు పొగ లేదు బాపు. కూసో," అనేవాణ్ణి.

"అలవాటైంది బిడ్డా. నువ్వు పని చేస్కో," అని బయటికి నడిచేవాడు.