గడప కాడ మొదటి మాట

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న సాయంత్రం ఈ హోటల్‌లో మన చాయ్ టేబుల్ మీదికి హైదరాబాద్ దవాఖాన నుంచి ఇంగ్లీషు టెలిగ్రాం వచ్చింది. అలవాటు కొద్దీ పెన్సిల్ తీశాను. "తెలియజేయుటకు చింతిస్తున్నాము" అన్న మొదటి ముక్కను దండుగ అని కొట్టేశాను.

తర్వాతి మాట, రాజలింగం.

పెన్సిల్ అక్కడే ఆగిపోయింది.

సరుకు పని మీద పోయినవాణ్ణి జ్వరం మింగేసింది. మన రాజలింగన్న ఇక లేడు.

ఈ కాగితం హోటల్ గోడకు అంటిస్తున్నది మన జట్టును ఎరిగిన చాయ్ మిత్రులందరి కోసం. ఎంత ఘనమైన జట్టు! కమీషన్ మీద బట్టలమ్మే అడ్తి దుకాణంలో ఉత్తరాలు రాసే రాజలింగన్న. నోటీసులు రాసే వకీల్‌సాబ్. రైస్‌మిల్లు ఇంగ్లీషు ఉత్తరాలకు బి.ఏ. డిగ్రీని ధారపోసిన నేను. బిజినెస్ కరస్పాండెన్స్ మీద చాయ్ చల్లారేదాకా మహాసభ! ఎవరికి ఏ టెలిగ్రాం వచ్చినా, అందులో దండుగ మాటలు కొట్టెయ్యడమే మన ఆట.

"చింతిస్తున్నాము" మీద మాత్రం ఆయనకు పాత పగ.

"ఏయ్ బీయే, ఎవడు చింతిస్తుండు రా? సరుకు లేటైతే మీ సేటు సల్లగ పండుకుంటడు. గా మాట కొట్టెయ్!"

ఇప్పుడు చెప్తున్నానన్నా. నేను చింతిస్తున్నాను. కొట్టేసిన మాట మళ్ళీ రాసి పెట్టాను.

ఇబ్రహీంపూర్ సంగతి గుర్తుందా? ఒక నేతగాడికి రాజలింగన్నే ఇంగ్లీషులో టెలిగ్రాం కొట్టాడు: "చీరలు బాగున్నాయి, ఇంకా పంపండి." ఊళ్ళో టెలిగ్రాం అంటే చావు కబురే. టెలిగ్రాం తెచ్చే తార్ మనిషి సైకిల్ వాడలోకి తిరగగానే ఆ ఇంట్లో ఏడ్పులు. పొయ్యి ఆర్పేశారు. చుట్టాలు కూడా దిగారు. ఇంగ్లీషు చదివేవాడు దొరికేసరికి అందరి గొంతులూ పోయాయి.

రాజలింగన్న స్వయంగా పోయి తిట్లు తిన్నాడు.

"మంచి ముచ్చటకు గింత ఏడిపిస్తరా బిడ్డా?" అన్నదట ఆ ఇంటి ముసలమ్మ. "నువ్వే వచ్చి చెప్తే నీ కాళ్ళు అరుగుతయా?"

అప్పటి నుంచి ఆయన రూలు ఒక్కటే. ఊళ్ళకు టెలిగ్రాం వద్దు, మనిషే పోవాలి. గడప కాడ నిలబడి ముందు "అందరం మంచిగున్నం" అనాలి. మంచినీళ్ళు తాగాలి. ఆ తర్వాతే వ్యాపారం.

పోయిన వారం హైదరాబాద్ బస్సెక్కుతూ కూడా అదే మాట.

"ఏదన్నుంటే గీ హోటల్‌కే తార్ కొట్టిస్త. ఇంటికొద్దు. అవ్వ బెదురుతది."

మాట మీద నిలబడ్డాడు మహానుభావుడు.

మిరుదొడ్డిలో ఉన్న ఆ కన్నతల్లికి ఇంకా ఏమీ తెలియదు. దుకాణం సేటు లారీలో ఆయన్ను పంపిస్తున్నాడు. మధ్యాహ్నానికి ఇంటి ముందు ఆగుతుంది. అంతకంటే ముందు మేం చేరాలి.

పొద్దున్నుంచి ముగ్గురం, కాదు, ఇద్దరం కూర్చుని అవ్వకు చెప్పాల్సిన మాటకు డ్రాఫ్ట్ వేస్తున్నాం. ఒక్క ముక్క కుదరలేదు.

"గడప కాడ మొదటి మాట ఏమందాం బీయే?" అన్నారు వకీల్‌సాబ్.

"అన్న రూలు ఉండనే ఉన్నది గద సాబ్."

"అయితే అని చూపియ్."

"అందరం..."

వకీల్‌సాబ్ చెప్పులు వేసుకున్నారు. బయట కిరాయి మోటారు హారన్ కొడుతోంది.

అన్నా, అవ్వకు తార్ కొట్టలేదు. మేమే పోతున్నాం.

నిమ్మళంగ పండుకో. దేనికీ జవాబు రాసే పని లేదు.